బ్యాలే సినిమాల్లో రక్తం కనిపిస్తుంది, జీతం కనిపించదు

బ్యాలే అనే పాశ్చాత్య నాట్యం మీద తీసిన సినిమాలు నాలుగైదు వరుసగా చూస్తే ఒక సంగతి పట్టుబడుతుంది. కాలివేళ్ల నుంచి కారే రక్తం దాదాపు అన్నిట్లోనూ ఉంటుంది. మతి చెదిరిన నర్తకి, ఆమెను పీడించే డైరెక్టర్, మేకప్ గదిలో అసూయ, ఇవన్నీ ఉంటాయి. నెలకు జీతమెంత, ఇంటి అద్దె ఎవరు కడుతున్నారు, కాలు విరిగితే ఆస్పత్రి ఖర్చు ఎవరిది అన్నవి మాత్రం ఉండవు. బ్యాలేను సినిమాలు ఎంత నిజంగా చూపిస్తున్నాయనే చర్చ వచ్చినప్పుడల్లా స్టెప్పులు సరిగ్గా పడ్డాయా, హీరోయిన్ నిజంగానే మునివేళ్ల మీద నిలబడిందా అనే దగ్గరే మాట ఆగిపోతోంది. అసలు అబద్ధం అక్కడ లేదు. బ్యాలే ఒక ఉద్యోగం, ఒళ్లు అరిగే పని. ఆ ఒక్క విషయం దాచడంలోనే ఈ సినిమాలు తప్పాయి.

పాలమూరులో కూర్చున్నవాళ్లకు బ్యాలే సంగతి ఎందుకు అని ఎవరైనా అడగొచ్చు. దేశంలో ఎక్కడ ప్రాజెక్టు కట్టినా, ఎక్కడ కాలువ తవ్వినా పాలమూరు లేబర్ అనే పేరు వినపడిన జిల్లా ఇది. పని ఏదో, పని పేరుతో చెప్పే కథ ఏదో మనకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. కాబట్టి ఈ సినిమాల్లో ఏం లేదో మనకే ముందు తెలియాలి.

ముందుగా బ్లాక్ స్వాన్. 2010లో వచ్చిన ఈ సినిమా ప్రపంచమంతా ఆడింది, నటాలీ పోర్ట్‌మన్‌కు ఆస్కార్ తెచ్చింది. ఇందులో చిన్న చిన్న వివరాలు చాలా బాగా పట్టారు. హీరోయిన్ కొత్త పాయింట్ షూ, అంటే మునివేళ్ల మీద నిలబడేందుకు వేసుకునే బూటు, తీసుకుని అడుగున ఉండే గట్టి అట్టను విరుస్తుంది, నేల మీద జారకుండా అడుగు భాగాన్ని గీకుతుంది, రిబ్బన్లు తనే కుట్టుకుంటుంది. నిజం బ్యాలే కంపెనీల్లో, అంటే నాట్య బృందాల్లో, ప్రతి నర్తకీ చేసే పని ఇదే. ఆ బూటు ముక్కు లోపల ఉండేది చెక్కా ఇనుమూ కాదు, గుడ్డ, కాగితం పొరల్ని జిగురుతో గట్టిపరచి చేస్తారు. చెమటకు, బరువుకు ఆ జిగురు మెత్తబడిపోతుంది. పెద్ద పాత్ర చేసే నర్తకికి ఒక్కోసారి ఒక ప్రదర్శనకు ఒక జత చాలదు. ఆ సీన్ చూసినప్పుడు, ఈ డైరెక్టర్‌కు పని తెలుసు అనిపిస్తుంది. అయితే పది నిమిషాలు తిరక్కముందే కథ పనిని వదిలేసి పిచ్చి వైపు వెళ్లిపోతుంది. హంస పాత్ర చేస్తున్న ఆమె ఒంటి మీద ఈకలు మొలుస్తాయి. గొప్పగా ఆడాలంటే బుర్ర చెడాలి, చివరికి ప్రాణం పోవాలి అన్నదే మిగులుతుంది.

ఆ సినిమా బయట జరిగిన కథ ఇంకా ముఖ్యం. పోర్ట్‌మన్‌కు డూప్‌గా ఆడింది అమెరికన్ బ్యాలే థియేటర్ కంపెనీలో సోలోయిస్టుగా, అంటే ఒంటరిగా ఆడే పాత్రలు చేసే నర్తకిగా, ఉన్న సారా లేన్. కాళ్ల నుంచి తల దాకా కనిపించే డాన్స్ షాట్లలో ఎక్కువ భాగం తనవేనని ఆమె 2011లో బయటికి వచ్చి చెప్పారు. డైరెక్టర్ డారెన్ ఆరనోఫ్‌స్కీ వెంటనే లెక్క తీశారు. మొత్తం 139 డాన్స్ షాట్లలో 111 పోర్ట్‌మన్‌వే, 28 మాత్రమే డూప్‌వి అన్నారు. ఎవరి లెక్క నిజమైనా నాకు ఒక్కటే ప్రశ్న. ఒక నటి ఏడాది పాటు కష్టపడి నేర్చుకుంటే బ్యాలెరీనా అయిపోయిందని ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. చిన్నప్పటి నుంచి అదే పనిలో ఉన్న మనిషి వచ్చి ఆ కాళ్లు నావి అంటే ఆమెతో షాట్ల లెక్క వాదించారు. నర్తకి శరీరం గురించి తీసిన సినిమాకే నర్తకి శరీరం పేరు చెప్పడం కష్టమైంది. ఈ వృత్తిని తెర ఎలా చూస్తుందో చెప్పడానికి ఇంతకంటే పెద్ద రుజువు అక్కర్లేదు.

సినిమా డాక్యుమెంటరీ కాదు కదా, రోజూ చేసే కసరత్తు రెండు గంటలు చూపిస్తే ఎవరు చూస్తారు అని అడిగేవాళ్లున్నారు. నిజజీవితంలోనూ ఘోరాలు జరిగాయి కదా అంటారు. జరిగాయి. 2013 జనవరిలో మాస్కోలో బోల్షోయ్ బ్యాలే డైరెక్టర్ సెర్గీ ఫిలిన్ ముఖం మీద యాసిడ్ పోశారు. ఆ దాడి చేయించింది అదే కంపెనీ నర్తకుడని కోర్టు తేల్చింది. కానీ ఆ కేసులో బయటికొచ్చిన మాటలు ఎక్కువగా ఎవరికి ఏ పాత్ర ఇచ్చారు, ఎవరికి ఎంత డబ్బు ముట్టింది అనే వాటి చుట్టే తిరిగాయి. ఏ ఆఫీసులోనైనా ఉండే గొడవలే ముదిరి నేరమయ్యాయి. కళ తలకెక్కి ఎవరూ యాసిడ్ పట్టుకోలేదు.

ఈ పిచ్చి కథకు మూలం పాతదే. 1948లో వచ్చిన ది రెడ్ షూస్‌లో హీరోయిన్ మోయిరా షియరర్ నిజంగానే లండన్‌లోని సాడ్లర్స్ వెల్స్ కంపెనీలో ఆడే బ్యాలెరీనా. ఆమె అడుగు పడితే డూప్ అవసరం లేదు, ఆ కదలికలో ఎక్కడా వంక పెట్టలేం. అంత నిజమైన నర్తకిని పెట్టుకుని కథ ఏం చేసిందంటే, ప్రేమా నాట్యమా ఒకటే తేల్చుకో అని ఆమెను రెండు వైపులా లాగి రైలు కింద పడేసింది. ఆ రోజుల్లో పెళ్లి చేసుకుని, పిల్లల్ని కని, మళ్లీ స్టేజీ ఎక్కిన నర్తకులు లేరా? షియరరే పెళ్లి చేసుకుని, పిల్లల్ని పెంచి, హాయిగా ముసలితనం దాకా బతికారు. అంటే శరీరం నిజం, జీవితం అబద్ధం. తర్వాత వచ్చిన చాలా సినిమాలు ఈ సూత్రాన్నే పట్టుకుని వేలాడాయి.

మరి నిజంగా రోజు ఎలా గడుస్తుంది? ముఖ్య పాత్రలు చేసే ప్రిన్సిపల్ హోదా ఉన్న నర్తకి అయినా నిన్న చేరిన కుర్రాడైనా పొద్దున్నే ఒకే క్లాసుకు రావాలి. గోడ పక్కన కమ్మీ పట్టుకుని మోకాళ్లు వంచడం దగ్గర మొదలు, గంటన్నర దాకా. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నా ఆ మొదటి వంపు తప్పదు. తర్వాత సాయంత్రం దాకా రిహార్సల్స్, సీజన్‌లో రాత్రికి ప్రదర్శన. మధ్యలో ఐస్ మూటలు, ఫిజియో, బూట్లు కుట్టుకోవడం. హంసల కథతో నడిచే స్వాన్ లేక్ అనే బ్యాలేలో వెనక వరసల్లో మామూలుగా 24 మంది దాకా హంసలుంటారు. ముందు ఆడే నర్తకి కంటే వాళ్ల పని తేలికేం కాదు. గీత తప్పకుండా ఒక కాలి మీద నిమిషాల తరబడి కదలకుండా నిలబడటమంటే పిక్కలు బిగుసుకుపోతాయి. కంపెనీలో ఎక్కువ ఉద్యోగాలు ఆ వరసల్లోవే. చాలామంది అక్కడే చేరి, అక్కడే ఉండి, నలభై దగ్గర పడకముందే అక్కడే రిటైరవుతారు. ఆ వెనక వరసలో ఉండిపోయిన మనిషిని హీరోయిన్‌గా పెట్టి ఒక్క పెద్ద సినిమా రాలేదు. వెనక వరస ఎప్పుడూ ముందుకు దూకడానికి మెట్టే అవుతుంది కథలో.

దీనికి దగ్గరగా వచ్చింది ఒక్కటుంది. 2003లో రాబర్ట్ ఆల్ట్‌మన్ తీసిన ది కంపెనీ. షికాగో జాఫ్రీ బ్యాలే కళాకారులతోనే తీశారు. హీరోయిన్ నీవ్ క్యాంబెల్ చిన్నప్పుడు కెనడా నేషనల్ బ్యాలే స్కూల్లో చదివిన మనిషి. ఇందులో చెప్పుకోదగ్గ కథ లేదు, విలన్ లేడు. పగలు డాన్స్ చేసే అమ్మాయి రాత్రి బార్‌లో వెయిట్రెస్‌గా పని చేస్తుంది. ఇల్లు దొరకని కుర్ర నర్తకులు ఒకే గదిలో నేల మీద వరసగా పడుకుంటారు. ఒకచోట రిహార్సల్ మధ్యలో ఒక నర్తకికి మడమ వెనక నరం పుటుక్కున తెగుతుంది. అరుపులు లేవు, నేపథ్య సంగీతం లేదు. ఆమెను పక్కకు తీసుకెళతారు, ఇంకొకరు ఆ చోట్లోకి వస్తారు, పని సాగుతుంది. బ్యాలే సినిమాలన్నిట్లో నన్ను నిజంగా భయపెట్టిన సీన్ అది. ఫ్యాక్టరీలో చెయ్యి నలిగినప్పుడు కూడా ఇంతే కదా, పక్కనోణ్ని నిలబెట్టి మిషన్ నడిపిస్తారు. జనం ఆ సినిమాను పెద్దగా పట్టించుకోలేదు. రక్తం చాలక కాబోలు.

బిల్లీ ఎలియట్ సినిమానూ తీసిపారేయను. 1984-85 బ్రిటన్ బొగ్గుగని కార్మికుల సమ్మె మధ్యలో కథ పెట్టి, కొడుకు బ్యాలే స్కూల్ ఆడిషన్ ఖర్చు కోసం తండ్రి సమ్మె విరిచి బస్సెక్కే దృశ్యం తీశారు. కళకు డబ్బు ఎక్కడి నుంచి రావాలన్న ప్రశ్నను ఇంత సూటిగా అడిగిన సినిమా మరొకటి గుర్తు రావట్లేదు. కానీ అది బ్యాలేలోకి చేరే కథ. చేరాక ఏమైందో చెప్పకుండా పెద్దయిన బిల్లీ గాల్లోకి ఎగిరిన చోట ఆపేశారు. మన దగ్గర 2020లో వచ్చిన యే బ్యాలే కూడా అంతే. ముంబైలో ఒక వెల్డర్ కొడుకు, ఒక టాక్సీ డ్రైవర్ కొడుకు బ్యాలే నేర్చుకున్న నిజ కథ అది, వాళ్లలో ఒకరు తన పాత్ర తనే చేశారు. పాలమూరు నుంచి బొంబాయి బస్సెక్కినవాళ్ల ఇళ్లలో ఆ ఇరుకు గది, ఆ తండ్రి కోపం వెంటనే గుర్తుపడతారు. అయినా విదేశానికి తలుపు తెరుచుకోవడం దగ్గరే దాని కథా అయిపోతుంది.

ఎవరూ తీయని సినిమా ఒకటుంది. 2019 డిసెంబరు 24న పారిస్‌లో ఓపెరా భవనం ముందు మెట్ల మీద, చలిలో, తెల్ల బట్టలు కట్టుకున్న నర్తకులు స్వాన్ లేక్ ఆడారు. టికెట్ లేదు, అది సమ్మె. పారిస్ ఓపెరా నర్తకులు 42 ఏళ్లకే పెన్షన్‌తో రిటైరవుతారు, ఆ పెన్షన్ ఏర్పాటు 1698లో ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ పెట్టింది. దాన్ని మార్చాలని ప్రభుత్వం చూస్తే వాళ్లు రోడ్డు మీదికొచ్చారు. చిన్నతనం నుంచి కీళ్లు అరగదీసుకున్న మనిషి అరవై దాటేదాకా ఎలా ఎగురుతాడు అన్నది వాళ్ల వాదన. హంస వేషంలో ఉన్న కార్మికుడు తన హక్కు అడగడం కంటే నాటకీయమైన సీన్ ఏం కావాలి? అందులో పిచ్చి లేదు, ఆత్మహత్య లేదు. అందుకే అది వార్తల్లో రెండు నిమిషాలకు పరిమితమైంది.

ఇదంతా పరాయి గొడవ అనుకోవద్దు. నాట్యాన్ని తపస్సుగా మాత్రమే చూపించే అలవాటు మన సినిమాకూ ఉంది. 1988 నాటి స్వర్ణకమలంలో కూచిపూడి పండితుడి చిన్న కూతురు మీనాక్షి నాట్యం వద్దంటుంది. తండ్రి ఎంత విద్వాంసుడో, ఇల్లు ఎంత పేదదో రెండూ చూసిన పిల్ల ఆమె. హోటల్లో చిన్న ఉద్యోగమైనా నెలయ్యేసరికి చేతికి జీతం వస్తుందని అటు పోతుంది. భానుప్రియ అద్భుతంగా చేశారు, నాకు ఎంతో ఇష్టమైన సినిమా. అయినా మీనాక్షి అడిగింది న్యాయమైన ప్రశ్న. దానికి సినిమా సౌందర్యంతో, భక్తితో జవాబు చెప్పింది. ఆ ఇంటి బియ్యం ఎక్కడి నుంచి వస్తాయో చెప్పలేదు.

ఆ జవాబు లేకపోవడం వల్లే మన ఊళ్లలో ఏం జరుగుతోందో చూడండి. మహబూబ్‌నగర్‌లో గానీ నల్లగొండలో గానీ సాయంత్రం పూట ఏ డాన్స్ క్లాసుకు వెళ్లినా మేడ మీద గదిలో ఇరవై మంది పిల్లలు, చుడీదార్ మీద చున్నీ నడుముకు బిగించుకుని వరసగా నిలబడి ఉంటారు. టీచర్ కర్రతో చెక్క మీద కొడుతూ 'తత్ తై తాం, ధిత్ తై తాం' అంటుంటే మోకాళ్లు వంచి అడుగులు వేస్తుంటారు. ఏడో తరగతి దాకా గది నిండుగా ఉంటుంది. టెన్త్‌కు వచ్చేసరికి అమ్మానాన్నలకు టెన్షన్ మొదలవుతుంది, గజ్జెలు అటక ఎక్కుతాయి. ఆ తల్లిదండ్రుల్ని నేను తప్పుపట్టను. నాట్యం చేసి బతికినవాళ్లను వాళ్లు తెర మీద ఎప్పుడూ చూడలేదు. నాట్యం కోసం చచ్చినవాళ్లనే చూశారు.

మన నాగర్‌కర్నూల్ జిల్లా దర్శనం మొగులయ్య సంగతే తీసుకోండి. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే ఆయన గొంతు ఒక పెద్ద హీరో సినిమా పాటతో రాష్ట్రమంతా మోగింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో హైదరాబాద్ శివారు తుర్కయంజాల్‌లో ఆయన కట్టడం పనికి కూలికి వెళ్తున్నారని పత్రికల్లో వచ్చింది. నెలకు వచ్చే 10,000 గౌరవ వేతనం ఆగిపోయిందని ఆయనే చెప్పుకున్నారు. బిరుదు ఇచ్చినవాళ్లం, పాట వాడుకున్నవాళ్లం, అందరం ఆ వార్త చూసి అయ్యో అన్నాం. ఆయన వాయించడమే ఒక పని, దానికి నెలనెలా కూలి ఉండాలి అన్న ఆలోచన మనకు అలవాటే లేదు.

జిల్లాల్లో ఏ ఉత్సవమైనా ఇదే తంతు. కోలాటం బృందాన్నో, యక్షగానం వాళ్లనో, డాన్స్ స్కూల్ పిల్లల్నో పిలుస్తారు. మంత్రిగారు వచ్చేదాకా ఎండలో మేకప్‌తో కూర్చోబెడతారు. ఆడాక శాలువా, మెమెంటో, ఫొటో. ఆటో ఖర్చులు అడిగితే, అవకాశం ఇచ్చాం కదా అంటారు. టెంట్ వేసినవాడికి, మైకు పెట్టినవాడికి, వంట చేసినవాడికి బిల్లు చెల్లిస్తారు. స్టేజీ మీద చెమట కార్చినవాళ్లకు ఒక్కళ్లకే దండం పెట్టి పంపుతారు. తెలంగాణ వచ్చాక సాంస్కృతిక సారథి పేరుతో దాదాపు 550 మంది కళాకారులను జీతం మీద తీసుకున్నారంటే, అది సాధ్యమేనని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. వాళ్లతో ప్రచార పాటలే ఎక్కువ పాడించారన్న విమర్శ వేరే సంగతి. జీతం పద్ధతి సరైనదే. దాన్ని పథకాల ప్రచారం నుంచి విడదీసి కిన్నెరకు, యక్షగానానికి, కూచిపూడికి కూడా విస్తరించాలి.

ఈలోపు ఉత్సవ కమిటీలు చేయగలిగిన పని ఒకటుంది. టెంటుకూ మైకుకూ రాసినట్టే ఆడేవాళ్లకు ఇచ్చే మొత్తాన్ని కూడా ఖర్చుల పుస్తకంలో ముందే రాయాలి, శాలువా కప్పకముందే ఆ డబ్బు చేతికిచ్చి సంతకం తీసుకోవాలి.