'రాయి కలదు' అని రాస్తే సరిపోదు

పాత హద్దు రాయి దొరికితే పొలం గట్టు తగాదా తీరినట్టేనని ఒక వ్యాసంలో చదివాను. నేను ఒప్పుకోను. దొరికిన రాయి గురించి ఏం రాసిపెట్టారన్నదే ముఖ్యం.

శామీర్‌పేట వైపు మా నాన్నగారి పొలం కొలిచినప్పుడు తుమ్మ పొదల కింద ఒక రాయి బయటపడింది. సర్వేయర్ 'రాయి కలదు' అని రెండు మాటలు రాసి వెళ్లిపోయారు. మూడేళ్ల తర్వాత పక్క పొలం వాళ్లు, ఆ రాయి ట్రాక్టర్ తగిలి పక్కకు జరిగిందన్నారు. కాదని చెప్పడానికి మా దగ్గర కాగితం ఏముంది? నాన్నకు ఆ టెన్షన్‌తో నిద్ర ఉండేది కాదు.

రెండోసారి కొలవడానికి వచ్చిన సర్వేయర్ పని తీరు వేరు. రాయిని ముట్టుకోకముందే ఫొటో తీశారు. గ్రానైటా, సిమెంటు దిమ్మా? నేల మీద ఎంత, లోపల ఎంత? ఎటు ఒరిగింది? మీద చెక్కిన గుర్తు ఉందా? చుట్టూ మట్టి పాతదేనా, ఈమధ్య తవ్విందా? అన్నీ రాశారు. తర్వాత టిప్పన్‌లోని (పాత సర్వే కొలతల పటంలోని) కొలతలతో మిగతా రాళ్ల నుంచి దూరం సరిచూశారు. పాతగా దొరికినవి ఏవో, తాను కొత్తగా పాతినవి ఏవో నక్షాలో విడివిడిగా చూపించారు.

ఉపగ్రహాల సాయంతో చోటును కచ్చితంగా కొలిచే డీజీపీఎస్ ఉంది కదా అంటారు. రాయి ఇప్పుడు ఎక్కడుందో అది చెబుతుంది, ఎక్కడ ఉండాలో చెప్పదు. గుంట అంటే 121 చదరపు గజాలే. 550 అడుగుల గట్టు రెండడుగులు జరిగితే గుంటకు పైగా పోతుంది. మన హైదరాబాద్ చుట్టుపక్కల ఇవాళ గుంట అంటే ఒక ఇంటి స్థలం. సంతకం పెట్టే ముందు రాళ్ల వివరాలు రాయించుకోండి.