లేఅవుట్ పోయిందని ఫోల్డర్లు డిలీట్ చేసేయకండి బాబూ

ఒక వాట్సాప్ మెసేజ్ తెగ తిరుగుతోంది. విశాఖ ద్వారకానగర్ కోచింగ్ బ్యాచ్‌ల గ్రూపుల్లో చూశాను, మధురవాడ, రుషికొండ ఆఫీసుల టీమ్ గ్రూపుల్లోకీ వచ్చేసింది. అందులో ఉన్నది ఇది: కోడ్ రాసుకునే ఎడిటర్ వీఎస్ కోడ్‌కి విండోల అమరిక (లేఅవుట్) గుర్తుండదు, ఒకసారి చెదిరితే ఇక రాదు. కరెంటు పోతే సేవ్ చేయనిదంతా పోయినట్టే. దీనికి మందు ఒకటే, ఎడిటర్ అన్‌ఇన్‌స్టాల్ చేసి, విండోస్‌లో ప్రోగ్రాములు తమ డేటా దాచుకునే యాప్‌డేటాలో ఉన్న 'కోడ్' ఫోల్డరూ ప్రాజెక్టులో ఉన్న 'డాట్ వీఎస్‌కోడ్' ఫోల్డరూ తీసేసి, మళ్లీ ఇన్‌స్టాల్ చేసి సెట్టింగ్స్ సింక్ ఆన్ చేస్తే పాత లేఅవుట్ మొత్తం దిగిపోతుంది. పైగా ఏ ఎడిటర్‌లోనూ లేఅవుట్‌ని సేవ్ చేసుకునే సౌకర్యమే లేదట. కింద మామూలే, పది మందికి పంపండి అని.

ఇందులో నిజం ఒక్క ముక్క ఉంది, దాని సంగతి తర్వాత. మిగతాది తప్పు, మధ్యలో ఉన్న 'మందు' అయితే ప్రమాదం కూడా.

గుర్తుండదన్న మాట దగ్గర మొదలుపెడదాం. బాగా గుర్తుంటుంది. మీరు తెరిచిన ప్రతి ఫోల్డర్‌కీ వీఎస్ కోడ్ విడిగా ఒక చిన్న ఎస్‌క్యూలైట్ డేటాబేస్ పెట్టుకుంటుంది. ఏ ట్యాబ్‌లు తెరిచి ఉన్నాయి, స్క్రీన్ ఎన్ని ముక్కలుగా చీల్చారు, కమాండ్లు కొట్టే టెర్మినల్ ప్యానెల్ కింద ఉందా పక్కన ఉందా, అంతా అందులోనే. యాప్‌డేటాలోని 'కోడ్' ఫోల్డర్‌లో 'యూజర్', దాని లోపల 'వర్క్‌స్పేస్ స్టోరేజ్' అని ఉంటుంది చూడండి, అర్థం కాని పేర్లతో బోలెడు ఫోల్డర్లు కనిపిస్తాయి, అవే ఇవి. చిక్కంతా ఎక్కడంటే, ఎడిటర్ ఆ ఫోల్డర్‌ని గుర్తుపట్టేది దాని పాత్‌ని (డిస్క్‌లో అది ఉన్న చోటి చిరునామాని) బట్టి, విండోస్‌లో అయితే అది ఎప్పుడు తయారైందన్న సమయాన్ని కూడా కలుపుకుని. పేరు మార్చినా, డీ డ్రైవ్‌లోకి కాపీ చేసినా, గిట్‌లో (కోడ్ మార్పులన్నీ దాచిపెట్టే టూల్) కొత్తగా క్లోన్ చేసినా, అంటే తాజా కాపీ దించుకున్నా, ఎడిటర్ దృష్టిలో అది కొత్త ఫోల్డర్. ఖాళీగా తెరుచుకుంటుంది.

మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు ఒక పొద్దున్న "అన్నా, నిన్న పెట్టుకున్న ట్యాబ్‌లన్నీ ఎగిరిపోయాయి, మెసేజ్‌లో చెప్పినట్టు డిలీట్ కొట్టేయనా" అని వచ్చాడు. ఆగరా బాబూ అని కూర్చుని చూస్తే, ముందు రోజు లోపలి 'బ్యాకెండ్' ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి తెరిచాడు, ఆ రోజు బయటి ప్రాజెక్ట్ ఫోల్డర్ తెరిచాడు. కోడ్ అదే కాబట్టి అతనికి రెండూ ఒకటే, ఎడిటర్‌కి మాత్రం రెండూ వేరు. ఫైల్ మెనూలో 'ఓపెన్ రీసెంట్'కి వెళ్లి బ్యాకెండ్ నొక్కగానే రెండు ముక్కల స్క్రీనూ, కింద టెర్మినలూ ఎలా వదిలాడో అలాగే వచ్చాయి. లేఅవుట్ పోయిందని నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందిది ఇదే కథ.

ఇంకో రకం ఉంది, అసలు ఏదీ పోకుండానే పోయినట్టు కనిపించేది. స్క్రీన్‌ని రెండు మూడు ముక్కలు చేసుకుని పనిచేసేటప్పుడు ట్యాబ్ మీద డబుల్ క్లిక్ పడితే ఆ ముక్క పెద్దదైపోయి పక్కవి సన్నటి పట్టీల్లా నలిగిపోతాయి. డిఫాల్ట్ సెట్టింగే అంత, ఇంకోసారి డబుల్ క్లిక్ చేస్తే సమానమవుతాయి, మధ్య గీత మీద చేసినా సరే. ఇటాలిక్ అక్షరాల్లో పేరున్న ట్యాబ్ ప్రివ్యూ ట్యాబ్, ఇంకో ఫైల్ మీద నొక్కగానే దాని చోట్లో ఇది వచ్చి కూర్చుంటుంది, దాన్ని చూసి ట్యాబ్‌లు మాయమవుతున్నాయని టెన్షన్ పడేవాళ్లు ఉన్నారు. మెనూలతో సహా అంతా మాయమైతే పొరపాటున, కోడ్ తప్ప మిగతావన్నీ దాచేసే జెన్ మోడ్‌లోకి వెళ్లారని అర్థం, ఎస్కేప్ రెండుసార్లు నొక్కండి. సైడ్‌బార్‌లో ఉండాల్సినవి కింద ప్యానెల్‌లోకి చేరిపోతే కంట్రోల్ షిఫ్ట్ పీ కొట్టి 'రీసెట్ వ్యూ లొకేషన్స్' అని టైప్ చేస్తే దేని చోటికి అది వెళ్లిపోతుంది. వీటిలో దేనికీ అన్‌ఇన్‌స్టాల్ అక్కర్లేదు.

రెండు మూడు ప్రాజెక్టులు వేర్వేరు విండోల్లో తెరిచి, సాయంత్రం ఇంటికెళ్లే తొందరలో ఒక్కో విండోకీ ఎక్స్ నొక్కుకుంటూ పోతారు. మర్నాడు చివర మూసినది ఒక్కటే వస్తుంది. ఎందుకంటే ఎడిటర్ పూర్తిగా మూతపడే క్షణంలో ఏ విండోలు తెరిచి ఉన్నాయో వాటినే తిరిగి తెరుస్తుంది, ముందు మూసినవి మీరు కావాలనే మూశారనుకుంటుంది. ఫైల్ మెనూలో 'ఎగ్జిట్' నొక్కండి, అన్నీ వస్తాయి. అలా నొక్కినా రాకపోతే 'విండో రీస్టోర్ విండోస్' అనే సెట్టింగ్ 'ఆల్' మీద ఉందో లేదో చూడండి.

కరెంటు సంగతి. తుఫాను వస్తే ముందు కరెంటు తీసేసే ఊరు మనది, 2014లో హుద్‌హుద్ తర్వాత రోజుల తరబడి చీకట్లో ఉన్నాం, కాబట్టి ఈ భయం నాకు అర్థమవుతుంది. కానీ వీఎస్ కోడ్‌లో 'హాట్ ఎగ్జిట్' అని ఒక ఏర్పాటుంది, డిఫాల్ట్‌గా ఆన్‌లోనే ఉంటుంది. మీరు టైప్ చేయడం ఆపిన ఒకట్రెండు సెకన్లలో సేవ్ చేయని మార్పుల కాపీ డిస్క్ మీద పడిపోతుంది. కరెంటు వచ్చాక తెరిస్తే ఆ ఫైళ్లు చుక్క గుర్తుతో అలాగే ఉంటాయి. ఆఖరి నిమిషంలో జరిపిన ప్యానెల్ ఒకటి పాత చోట్లో కనిపిస్తే కనిపించవచ్చు, అంతే. అలాగని సేవ్ చేయడం మానేయమని కాదు.

ఇప్పుడు ఆ 'మందు'. సేవ్ చేయని మార్పుల కాపీలు ఎక్కడుంటాయనుకుంటున్నారు? ఈ మెసేజ్ డిలీట్ చేయమంటున్న ఆ 'కోడ్' ఫోల్డర్‌లోనే, 'బ్యాకప్స్' పేరుతో. 2022లో వచ్చిన లోకల్ హిస్టరీ, అంటే మీరు సేవ్ చేసిన ప్రతిసారీ ఆ ఫైల్ పాత రూపాన్ని దాచిపెట్టేది, అదీ అక్కడే. మీ సెట్టింగులు, షార్ట్‌కట్‌లు, స్నిపెట్‌లు (తరచూ వాడే కోడ్ ముక్కలు), ప్రతి ప్రాజెక్టు లేఅవుటూ అన్నీ అక్కడే. ఎలకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టుంది. ఒక ప్రాజెక్టులో ట్యాబ్‌లు కనపడలేదని అన్ని ప్రాజెక్టుల లేఅవుట్లూ, గిట్‌లోకి ఇంకా ఎక్కని పనీ కలిపి చెరిపేసుకోమంటున్నారు. దాన్ని తీయకుండా ఉత్తగా అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్లీ వేస్తే ఏమవుతుందంటారా, ఏమీ కాదు, విండోస్‌లో అన్‌ఇన్‌స్టాలర్ ఆ ఫోల్డర్ జోలికి వెళ్లదు. ప్రాజెక్టులో ఉండే 'డాట్ వీఎస్‌కోడ్' ఫోల్డర్‌కైతే లేఅవుట్‌తో సంబంధమే లేదు. అందులో ఉండేవి ఆ ప్రాజెక్టు సెట్టింగులు, డీబగ్ చేయడానికి, అంటే కోడ్‌లో తప్పులు వెతకడానికి రాసుకున్న లాంచ్ ఫైల్. దాన్ని తీసేసి కమిట్ చేసి పుష్ కొట్టారంటే, అంటే టీమ్ అందరి కోడ్‌లోకి ఆ మార్పు ఎక్కించారంటే, టీమ్ మొత్తం మీ సీటు దగ్గరికి వస్తుంది.

సింక్ గురించి పొట్టిగా. సెట్టింగ్స్ సింక్ మోసేవి సెట్టింగులు, షార్ట్‌కట్‌లు, స్నిపెట్‌లు, ఎక్స్‌టెన్షన్లు, కొంతవరకు సైడ్‌బార్‌లో ఏది ఎక్కడ ఉండాలన్న సమాచారం. తెరిచిన ట్యాబ్‌లు, చీల్చిన ముక్కలు వాటితో రావు. ఆఫీసులో పెట్టుకున్న అమరిక గాజువాకలో ఇంటి ల్యాప్‌టాప్‌లో దిగుతుందని ఎదురుచూడకండి.

ఇక ఏ ఎడిటర్‌లోనూ లేదన్న మాట. విజువల్ స్టూడియోలో విండో మెనూలోనే 'సేవ్ విండో లేఅవుట్' ఉంది, 2015 వెర్షన్ నుంచి. జెట్‌బ్రెయిన్స్ కంపెనీ ఎడిటర్లలో 'లేఅవుట్స్' ఉంది. విమ్‌లో 'ఎంకేసెషన్' ఈ కుర్రాళ్లు పుట్టకముందు నుంచీ ఉంది. ఈమ్యాక్స్‌లో 'డెస్క్‌టాప్ సేవ్ మోడ్' ఉంది, చెదిరిన విండోలను అడుగు వెనక్కి తెచ్చే 'విన్నర్ మోడ్' కూడా ఉంది. వీఎస్ కోడ్‌లో మాత్రం అమరికకి ఒక పేరు పెట్టి దాచుకునే బటన్ లేదు, మొదట్లో నేను ఒప్పుకున్న ముక్క ఇదే. దానికీ దారి ఉంది. 'సేవ్ వర్క్‌స్పేస్ యాజ్' నొక్కి ఒకే ప్రాజెక్టుకి రెండు పేర్లతో రెండు వర్క్‌స్పేస్ ఫైళ్లు చేసుకుంటే ఒక్కోదానికి ఒక్కో లేఅవుట్ నిలుస్తుంది. గిట్ బ్రాంచ్ (అదే కోడ్‌కి విడిగా నడిపే ఇంకో రూపం) మారినప్పుడు ఆ బ్రాంచ్ ట్యాబ్‌లే రావాలంటే 'ఎస్‌సీఎం వర్కింగ్ సెట్స్' అనే సెట్టింగ్ 2024లో వచ్చింది, దాన్ని మనమే ఆన్ చేసుకోవాలి.

ఈ పాటికే మెసేజ్ నమ్మి డిలీట్ కొట్టేసినవాళ్లు ముందు ఎడిటర్ మూసేయండి. షిఫ్ట్ నొక్కకుండా డిలీట్ చేసి ఉంటే ఫోల్డర్ రీసైకిల్ బిన్‌లో ఉంటుంది. ఈలోపు కొత్తగా తయారైన 'కోడ్' ఫోల్డర్‌కి వేరే పేరు పెట్టి, బిన్‌లో ఉన్నదాన్ని 'రీస్టోర్' చేసి, అప్పుడు ఎడిటర్ తెరవండి.