‘ఉచిత సెంటర్లలో డయాలసిస్ వద్దు’ అన్న సందేశానికి జవాబు

కనిగిరి, పామూరు, ఉదయగిరి వైపు వాట్సాప్ గ్రూపుల్లో కొన్నాళ్లుగా ఒక సందేశం తిరుగుతోంది. కిడ్నీ రోగుల మేలు కోరి రాసినట్టున్న ఆ సందేశం చెప్పేది ఇది: ఉచితంగా చేసే సెంటర్లలో డయాలసిస్ చేయించుకోవద్దు, అప్పు చేసైనా నెల్లూరు, చెన్నై పెద్దాసుపత్రులకే పోవాలి, కొత్త మిషను ఉన్నచోట రెండు గంటలు చాలు, మన వైపు నీళ్లలో ఫ్లోరైడు ఉంది కాబట్టి ఇక్కడ చేసే డయాలసిస్ ఒంట్లోకి విషం ఎక్కించడమే, ఒకరికి వాడిన ఫిల్టరునే ఇంకొకరికి వాడతారు కాబట్టి పచ్చకామెర్లు తప్పవు, ఒకసారి మిషను ఎక్కితే మళ్లీ దిగడం ఉండదు కనుక ముందు తెల్ల గలిజేరు ఆకు తిని చూడాలి.

మా అమ్మకు ఆరేళ్లుగా వారానికి మూడుసార్లు డయాలసిస్ జరుగుతోంది. ఈ ఆరేళ్లలో మూడు సెంటర్లు మారాము. ఈ సందేశాన్ని మా బంధువులే నాకు నాలుగుసార్లు పంపారు. రాసినవారి ఉద్దేశాన్ని నేను శంకించడం లేదు. అందులోని భయాల్లో కొన్ని నిజమైనవే. అయితే ఆ భయాలకు చూపిన దారి మాత్రం ప్రతిచోటా తప్పుగానే ఉంది.

మొదట డబ్బు సంగతి. రోగి డబ్బు కట్టడం లేదంటే ఎవరూ కట్టడం లేదని అర్థం కాదు. రాష్ట్ర ప్రభుత్వ ఉచిత వైద్య పథకమైన ఎన్టీఆర్ వైద్యసేవ కింద చేసే ప్రతి డయాలసిస్‌కూ ప్రభుత్వం ఆసుపత్రికి లెక్కగట్టి చెల్లిస్తుంది. జిల్లా ఆసుపత్రుల్లో పేదలకు డయాలసిస్ అందించడానికి 2016లో కేంద్రం జాతీయ డయాలసిస్ కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. ఈ పథకంలో ఉన్న ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లినా, కార్డు మీద వచ్చినవారికీ చేతి డబ్బు కట్టేవారికీ ఆ నీళ్ల ప్లాంటు ఒకటే, ఆ టెక్నీషియన్లు ఒకరే. మా అనుభవం చెప్పాలంటే, అమ్మను నాలుగు గంటలు పూర్తి కాకుండానే అరగంట ముందు మిషను మీదనుంచి దింపేసిన సెంటరులో మేము ప్రతిసారీ డబ్బు కట్టాము. తరువాతి షిఫ్టువాళ్లు బయట కూర్చుని ఉన్నారన్నదే వాళ్లు చెప్పిన కారణం. ఎక్కించిన వేళ, దింపిన వేళ నోటుబుక్కులో రాసుకోవడం మొదలుపెట్టిన తరువాతగానీ అది రోజూ జరుగుతోందని మాకు తెలియలేదు.

దూరం సంగతి ఇంకా ముఖ్యమైనది. వారానికి మూడంటే ఏడాదికి 156 సార్లు. పామూరు నుంచి నెల్లూరు పోవడానికి వంద కిలోమీటర్లు, రావడానికి వంద అనుకున్నా ఏడాదికి 31,200 కిలోమీటర్ల ప్రయాణం. నాలుగు గంటలు రక్తం బయటికి పోయి వచ్చి, బీపీ పడిపోయి, పిక్కలు పట్టేసిన మనిషి బస్సు స్టాండులో నిలబడవలసిన పరిస్థితిని ఆ సందేశం రాసినవారు ఎన్నడూ చూసి ఉండరు. ఇంత దూరం తిరిగేవారు వర్షానికో, పెళ్లికో, కారు కిరాయి లేకో నెలకు ఒకటి రెండు సార్లు మానేస్తారు. డయాలసిస్ రోగులకు వారంలో రెండు రోజుల విరామం వచ్చే చోటే ప్రాణాపాయం ఎక్కువని వైద్యులు చాలాకాలంగా గమనించారు. అలాంటిది ఒకసారి మానేస్తే ఆ విరామం నాలుగు రోజులవుతుంది. ప్రభుత్వం డయాలసిస్ రోగులకు ఇచ్చే నెలకు 10,000 రూపాయల పింఛను కారు కిరాయికే పోతే, మందులకూ రక్తపరీక్షలకూ మిగిలేది ఏమీ ఉండదు. కాబట్టి ఇంటికి దగ్గరగా ఉండడం అన్నది సెంటరుకున్న మంచి గుణాల్లో ఒకటి. అది సర్దుకుపోవలసిన లోపం కాదు.

ఇక రెండు గంటల మాట. ఈ సందేశం మొత్తంలో వెంటనే ప్రాణం తీయగలిగిన మాట ఇదే. మిషను ఎంత కొత్తదైనా శరీరం మారదు. రక్తంలోని యూరియా అనే మలినం త్వరగా ఫిల్టరులోకి పోతుంది కానీ, కండల్లోనూ కణాల్లోనూ ఉన్న మలినాలు రక్తంలోకి రావడానికి సమయం పడుతుంది. ఒంట్లో చేరిన నీరు తీయడానికి అంతకన్నా పెద్ద హద్దు ఉంది. గంటకు, ఒంటి బరువులో కిలోకు 13 మిల్లీలీటర్లకు మించి నీరు లాగితే గుండెకు దెబ్బ. 50 కిలోల మనిషికి అది గంటకు 650 మిల్లీలీటర్లు, నాలుగు గంటలకు 2.6 లీటర్లు. అదే నీటిని రెండు గంటల్లో లాగాలంటే రెట్టింపు వేగం కావాలి. మిషను మీదే కళ్లు తిరిగి పడిపోయేవారిలో చాలామందికి జరిగేది ఇదే. డయాలసిస్‌కు డయాలసిస్‌కు మధ్య ఎక్కువ బరువు పెరగకుండా చూసుకోవడం మన పని. అలా పెరిగిన బరువును తొందరపడి దించకపోవడం సెంటరు పని.

డయాలసిస్ సరిపోతోందా లేదా అన్నది ఊహించనవసరం లేదు, లెక్క ఉంది. ఎక్కించే ముందు యూరియా, దింపేటప్పుడు యూరియా చూసి, అది నూటికి కనీసం 65 పాళ్లు తగ్గిందో లేదో చూస్తారు. ముందు 150 ఉండి తరువాత 60 ఉంటే తగ్గింది 60 పాళ్లే, అది చాలదు. 150 నుంచి 45కు వస్తే 70 పాళ్లు, బాగుంది. నెలకొకసారి ఈ పరీక్ష చేసి రోగి చేతికి కాగితం ఇచ్చే సెంటరు, ఏసీ గది ఉండి కాగితం ఇవ్వని సెంటరు కన్నా మంచిదని నా అభిప్రాయం. కిడ్నీ డాక్టరు రోజంతా అక్కడ కూర్చోకపోవచ్చు. డయాలసిస్ నడిపేది ఎక్కడైనా టెక్నీషియన్లూ సిస్టర్లే. అయితే డాక్టరు ఎన్నాళ్లకొకసారి వచ్చి ఈ కాగితాలు చూస్తారో, బీపీ పడిపోయినప్పుడు ఎవరికి ఫోను చేస్తారో అడిగి తెలుసుకోవలసిందే.

ఇప్పుడు నీళ్ల దగ్గరికి వద్దాము. సందేశంలో ఎక్కువ నిజం ఉన్నది ఇక్కడే, ఎక్కువ గందరగోళం ఉన్నదీ ఇక్కడే. మన దేశంలో ఫ్లోరైడు జబ్బును వైద్య పరిశోధకులు మొదటిసారి గుర్తించి 1937లో ప్రకటించినది అప్పటి నెల్లూరు జిల్లాలోనే. నేటి కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు ప్రకాశం జిల్లా ఏర్పడిన 1970 దాకా ఆ జిల్లాలోనివే. తాగే నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దిక్కు లేనిచోట 1.5 దాకా ఒప్పుకుంటారు. డయాలసిస్ నీటిలో మాత్రం 0.2 దాటకూడదు. ఇంత కఠినమైన హద్దు ఎందుకంటే, మనిషి రోజుకు రెండు లీటర్లు తాగితే, డయాలసిస్‌లో ఒక్కసారికే దాదాపు 120 లీటర్ల నీరు పల్చటి పొరకు అవతల రక్తాన్ని తాకుతూ పోతుంది. పైగా ఒంట్లోని ఫ్లోరైడును బయటికి పంపవలసిన కిడ్నీలే పనిచేయడం లేదు.

కాబట్టి బోరు నీళ్లు నేరుగా వాడితే ప్రమాదమన్నది నిజమే. కానీ ఏ సెంటరూ అలా వాడదు. ఇసుక ఫిల్టరు, నీటి గట్టిదనాన్ని తీసే సాఫ్ట్‌నర్, కార్బన్ ట్యాంకు, ఆ తరువాత ఆర్వో పొర, ఇన్ని దాటాకే నీరు మిషనుకు చేరుతుంది. అయితే ఆర్వో అన్న మాట వినగానే నిశ్చింతగా ఉండడానికీ లేదు. లీటరుకు 5 మిల్లీగ్రాముల ఫ్లోరైడు ఉన్న బోరు నీటిలో పొర నూటికి 95 పాళ్లు ఆపినా మిగిలేది 0.25, అంటే హద్దు దాటినట్టే. అలాంటి చోట పొర కొత్తగా ఉండాలి, లేదా నీటిని రెండుసార్లు ఆర్వోలో పంపాలి, లేదా సాగర్ నీళ్ల వంటి ఫ్లోరైడు తక్కువున్న నీటితో మొదలుపెట్టాలి. ఏది చేసినా చివరకు బయటికొచ్చే నీటిలో ఫ్లోరైడు ఎంతో ల్యాబులో పరీక్ష చేయించాలి. నీటిలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి చూపే టీడీఎస్ మీటరు అంకె ఒక్కటి చూపించి పంపేస్తే ఆ జవాబు చాలదు.

మన ఊరి నీళ్లు చెడ్డవి కాబట్టి పట్నం పొమ్మనేవారు 1993 జులైలో అమెరికాలోని షికాగోలో ఏం జరిగిందో తెలుసుకోవాలి. అక్కడి నగరపు నీళ్లలో ఉన్నది పళ్ల రక్షణ కోసం కలిపే కొద్దిపాటి ఫ్లోరైడే. అయినా ఒక డయాలసిస్ యూనిట్లో నీటిని శుద్ధిచేసే ట్యాంకుల్లోని రెసిన్ శక్తి అయిపోయి, అంతవరకు పట్టి ఉంచిన ఫ్లోరైడునంతా ఒక్కసారిగా వదిలేసింది. 12 మంది రోగులు జబ్బుపడ్డారు, వారిలో ముగ్గురు చనిపోయారు. అక్కడ తప్పు జరిగింది ప్లాంటును చూసుకోవడంలో. పొదిలి బోరు మీద జాగ్రత్తగా నడిచే ప్లాంటు, మహానగరంలో ఎవరూ పట్టించుకోని ప్లాంటు కన్నా నమ్మదగ్గది.

ఫ్లోరైడు గొడవలో పడి అందరూ మరచిపోయే సంగతి ఇంకొకటి ఉంది. వేసవిలో బోర్లు ఎండి ట్యాంకరు నీళ్లు తెప్పించుకునే రోజుల్లో, ఆ నీళ్లలో బ్లీచింగు ఎంత కలిపారో ఎవరికీ తెలియదు. క్లోరిన్‌ను ఆపేది ప్రధానంగా కార్బన్ ట్యాంకే, దాని తరువాత ఉన్న ఆర్వో పొర మీద ఆ భారం వేయడానికి లేదు. ట్యాంకులోని కార్బన్ అరిగిపోతే క్లోరిన్ రక్తం దాకా చేరి ఎర్రకణాలను పగలగొడుతుంది. అందుకే మంచి సెంటర్లలో ప్రతి షిఫ్టుకు ముందు క్లోరిన్ పరీక్ష చేసి పుస్తకంలో రాస్తారు. ఆ పుస్తకం చూపించమని అడగడం రోగి హక్కు. మేము ఇప్పుడున్న సెంటరులో నేను అడిగినప్పుడు టెక్నీషియన్ విసుక్కోలేదు, తానే ప్లాంటు గదిలోకి తీసుకువెళ్లి చూపించాడు.

డయాలసిస్ జరుగుతుండగా చలి, వణుకు వచ్చే వారి విషయంలోనూ ఒక తేడా గమనించాలి. డయాలసిస్ కోసం మెడ నరంలో పెట్టిన పైపు ఉన్న ఒక్కరికే వణుకు వస్తే ముందుగా ఆ పైపులో ఇన్ఫెక్షను ఉందేమోనని అనుమానించాలి. ఒకే పూట ఇద్దరు ముగ్గురికి వస్తే అనుమానం నీటి మీదికో, అందరికీ కలిపి వాడిన మందు మీదికో పోవాలి. అలాంటి రోజున డయాలసిస్ ఆపి నీటిని పరీక్షకు పంపిన సెంటరును జనం చెడ్డదంటారు. నేనైతే దాన్ని నమ్ముతాను.

ఫిల్టరు సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. ఒక రోగి ఫిల్టరును శుభ్రంచేసి మళ్లీ అదే రోగికి వాడడం వేరు, ఇంకొకరికి వాడడం వేరు. మొదటిది నియమాలున్న పద్ధతి: ఫిల్టరు మీద పేరు రాసి ఉండాలి, దాని లోపలి పరిమాణం మొదట ఉన్నదానిలో నూటికి 80 పాళ్లకు తగ్గితే పారేయాలి, ఎక్కించే ముందు శుభ్రంచేసిన రసాయనం మిగిలి లేదని చూడాలి, పచ్చకామెర్లు తెచ్చే వైరస్‌లలో ఒకటైన హెపటైటిస్ బి ఉన్నవారి ఫిల్టరును మళ్లీ వాడనే కూడదు. రెండోది నేరం. ఎక్కించే ముందు పేరు చదివి చూసుకుంటే ఆ భయం అక్కడితో తీరుతుంది. అసలు అలాంటిదే అయిన హెపటైటిస్ సి ఎక్కువగా పాకేది రోగికీ రోగికీ మధ్య చేతి తొడుగులు మార్చకపోవడం వల్ల, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ వంటి మందును ఒకే సీసా నుంచి అందరి మంచాల దగ్గరా తీయడం వల్ల. కాబట్టి కళ్లు పెట్టవలసింది సిస్టరు చేతుల మీద. హెపటైటిస్ బి టీకా డయాలసిస్ రోగులకు మామూలు మోతాదుకు రెట్టింపు ఇస్తారు, ఆ తరువాత రక్షణ వచ్చిందో లేదో రక్తపరీక్షలో చూస్తారు. హెపటైటిస్ సి ఒకవేళ వచ్చినా ఇప్పుడు సాధారణంగా 12 వారాల మాత్రలతో నయమవుతుంది, 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఆ మాత్రలు ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం. ఈ భయంతో డయాలసిస్ మానుకోవడానికి కారణమేమీ లేదు.

చివరిది, ఎక్కితే దిగలేమన్న మాట. పాముకాటు వల్లనో, విపరీతమైన విరేచనాల వల్లనో కిడ్నీలు హఠాత్తుగా ఆగినవారిలో చాలామంది కొన్ని వారాలు డయాలసిస్ చేయించుకుని, కిడ్నీలు కోలుకున్నాక మానేస్తారు. పొలం పనుల్లో పాముకాటు తగిలినవారి ఇళ్లలో అడిగినా ఈ సంగతి చెబుతారు. షుగరు, బీపీల వల్ల ఏళ్ల తరబడి పాడైన కిడ్నీలు కోలుకోవు కనుక వారికి డయాలసిస్ కొనసాగుతుంది, లేదా కిడ్నీ మార్పిడి జరగాలి. మిషను ఎవరినీ పట్టి ఉంచదు. తెల్ల గలిజేరు విషయానికొస్తే, అందులో పొటాషియం బాగా ఉంటుంది. పొటాషియాన్ని బయటికి పంపలేని మనిషి రోజూ ఆకు పసరు తాగితే గుండె కొట్టుకునే తీరే తప్పవచ్చు.

ఈ ఆకు చేసే పెద్ద నష్టం కాలం తినేయడం. డయాలసిస్ సూదుల కోసం చేతిలోని ధమనినీ సిరనూ కలిపి చేసే ఫిస్టులా వేయించాక అది గట్టిపడి సూది వేయడానికి పనికిరావాలంటే కనీసం ఆరు వారాలు, ఒక్కోసారి రెండు మూడు నెలలు పడుతుంది. అందుకే డాక్టర్లు డయాలసిస్ అవసరం పడకముందే ఫిస్టులా వేయించుకోమంటారు. మా అమ్మకు డాక్టరు చెప్పిన వారంలోనే ఎడమ చేతికి వేయించాము, మూడు నెలలకు మొదటి సూది పడింది. మెడ పైపు అవసరం రాలేదు. అదే ఏడాది మా వీధిలోని ఒక పెద్దాయనకు కూడా డాక్టరు అదే మాట చెప్పారు. ఆయన ఎనిమిది నెలలు గలిజేరు తిన్నారు. ఒక రాత్రి ఆయాసంతో ఒంగోలు తీసుకువెళ్లి, అప్పటికప్పుడు మెడలో పైపు పెట్టి ఎక్కించారు. ఆ పైపుకు రెండుసార్లు ఇన్ఫెక్షను వచ్చాక, ఏడాదికి గానీ ఆయన చేతికి ఫిస్టులా పడలేదు.