విమానం ఒకటే, నంబర్లు రెండు, రేట్లు రెండు

మా చుట్టాలబ్బాయి ఒకడున్నాడు, సోంపేట వైపు, దోహాలో పైప్ ఫిట్టర్. మొన్న సెలవకొచ్చి తిరిగెళ్ళేటప్పుడు హైదరాబాద్‌లో ఎక్కాక పక్క సీటు కుర్రాడూ వీడూ టికెట్లు చూసుకున్నారట. అదే విమానం, అదే వరస, పెట్టిన తిండి కూడా అదే, కానీ ఒకడి టికెట్ మీద ఒక కంపెనీ నంబరు, ఇంకొకడి దాని మీద ఇంకో కంపెనీ నంబరు, రేటులో ఆరువేలు తేడా. మనోడికి ఒళ్ళు మండిపోయి దిగీదిగగానే ఏజెంటుకి ఫోన్ కొట్టి "ఏటి బావూ, నన్నిలాగ ముంచేసినావు" అన్నాడు. ఏజెంటు ముంచలేదండీ, పాపం అతనికీ తెలీదు, స్క్రీన్ మీద ముందు కనబడ్డది తీసిచ్చేశాడు.

దీన్నే కోడ్‌షేర్ అంటారు. విమానం నడిపేది ఒకళ్ళు, అందులో సీట్లు తన నంబరు వేసుకుని అమ్ముకునేది ఇంకొకళ్ళు, అంటే పార్ట్‌నర్ కంపెనీ. సరే, సీటు ఒకటే అయినప్పుడు రేటు ఎందుకు మారాలి? ఎకానమీ అంటే మనకి ఒకటే క్లాసు గానీ కంపెనీకి అందులో బోలెడు అరలుంటాయి, ఒక్కో అరకి ఒక ఇంగ్లీషు అక్షరం, ఒక్కో రేటు, చవక అర అయిపోతే దాని పైది తెరుస్తారు, అందుకే నిన్న చూసిన రేటు ఇవాళ ఉండదు. పార్ట్‌నర్ కంపెనీ తన అరలు తను పెట్టుకుంటుంది, తన రేట్లు తను వేసుకుంటుంది, కొన్నిచోట్ల టికెట్‌లో కలిపే సర్‌చార్జీ కూడా వేరుగా ఉంటుంది. నడిపేవాడి దగ్గర చవక అర మూతబడినా పార్ట్‌నర్ దగ్గర ఇంకా తెరిచే ఉండొచ్చు. రైతుబజార్‌లో ఒకే మడి వంకాయ రెండు దుకాణాల్లో రెండు రేట్లు పలికినట్టే. తిరగబడే రోజులూ ఉంటాయి, చాలాసార్లు పార్ట్‌నర్ దగ్గరే ఎక్కువ కనబడుద్ది, కాబట్టి ఎవడైనా "పార్ట్‌నర్‌లో కొంటే ఎప్పుడూ చవకే" అని వీడియో పెడితే నమ్మొద్దు. చెయ్యాల్సిన పని చిన్నది, రేట్లు వెతికేటప్పుడు చిన్న అక్షరాల్లో "ఆపరేటెడ్ బై" అని ఎవరి పేరుందో చూసి, ఆ కంపెనీ సైటూ అమ్మేవాడి సైటూ రెండూ తెరిచి అదే తేదీ కొట్టడం. పది నిమిషాలు పడుద్ది.

అయితే రేటు ఒక్కటే చూస్తే మన వైపు వాళ్ళు మోసపోయేది బ్యాగు దగ్గర. వైజాగ్ నుంచి సింగపూర్ విమానమే తీసుకోండి. నడిపేది స్కూట్, అది సింగపూర్ ఎయిర్‌లైన్స్ వాళ్ళ చవక కంపెనీ. స్కూట్‌లో మామూలు చవక టికెట్ కొంటే పెద్ద బ్యాగుకి వేరే డబ్బు, తిండికి వేరే డబ్బు. అదే విమానాన్ని సింగపూర్ ఎయిర్‌లైన్స్ నంబరుతో, అక్కణ్ణుంచి సిడ్నీకో ఇంకెక్కడికో కలిపి కొంటే బ్యాగు, భోజనం టికెట్‌లోనే వచ్చేస్తాయి. పైకి ఎక్కువ కనబడ్డ టికెట్టే ఆవకాయ జాడీ, పలాస జీడిపప్పు, అమ్మ కట్టిచ్చిన అరిసెలు తూకమేశాక తక్కువవుద్ది. మన సామాను లెక్క మనకే తెలుసు, యాప్‌కి తెలీదు.

ఇంకోటి, తేడా వస్తే ఎవరి దగ్గరికెళ్ళాలి? టికెట్ నంబరులో మొదటి మూడు అంకెలు చూడండి, 098 అయితే ఎయిర్ ఇండియా, 176 అయితే ఎమిరేట్స్, 618 సింగపూర్. తేదీ మార్చాలన్నా రిఫండ్ కావాలన్నా మామూలుగా ఆ టికెట్ ఇచ్చిన కంపెనీయో, దాన్ని మనకి అమ్మిన ఏజెంటో చెయ్యాలి, నడిపేవాడి కౌంటర్ ముందు ఎంత అరిచినా "వాళ్ళనడగండి" అంటాడు. పార్ట్‌నర్ దగ్గర కొని మిగిల్చిన రెండువేలు ఒక్కసారి తేదీ మారిస్తే ఇట్టే పోతాయి. సెలవు ఖాయం కాని వాళ్ళు ఈ ఆట ఆడకపోవడమే మంచిది అని నా అభిప్రాయం.

కోడ్‌షేర్ అసలు విలువ చవకదనంలో కంటే ఒకే టికెట్‌లో ఉందని నేనంటాను. వైజాగ్ నుంచి హైదరాబాద్‌కి ఒకటి, హైదరాబాద్ నుంచి గల్ఫ్‌కి ఒకటి విడివిడిగా కొన్న మా వీధి కుర్రాడికి మొదటి విమానం మూడు గంటలు లేటయింది, రెండోది వెళ్ళిపోయింది, రెండో కంపెనీ వాళ్ళు "మీరు రాలేదు, మాకేం సంబంధం" అన్నారు. అదే ఒక టికెట్ అయ్యుంటే తర్వాతి విమానంలో ఎక్కించే బాధ్యత వాళ్ళది. రెండు విమానాలూ వేరే వేరే కంపెనీలవైతే, మామూలుగా వాళ్ళు పార్ట్‌నర్‌లుగా ఉంటేనే అలాంటి టికెట్ వస్తుంది.

అందుకే వైజాగ్ దగ్గరి భోగాపురం కొత్త ఎయిర్‌పోర్టు గురించి మనవాళ్ళు మాట్లాడుకునేది వింటుంటే నాకు కొంచెం అనుమానం. రెండుసార్లు శంకుస్థాపన చూసిన ఎయిర్‌పోర్టు అది, 2019 ఫిబ్రవరిలో ఒకసారి, 2023 మేలో ఇంకోసారి. కట్టేది మన రాజాం మనిషి పెట్టిన జీఎంఆర్, 2024 జూన్ నుంచి విమానయాన మంత్రి మన శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు, కాబట్టి ఇక దుబాయ్ టికెట్ బస్సు టికెట్ అయిపోద్ది అన్నట్టు మాట్లాడుతున్నారు ఏడురోడ్ల జంక్షన్ టీ కొట్టు దగ్గర. రన్‌వే పొడుగు రేటు తగ్గించదండీ. ఆసియాన్ దేశాల, అంటే సింగపూర్, మలేషియా లాంటి ఆగ్నేయాసియా దేశాల కంపెనీలు కోటా లేకుండా దిగొచ్చని మన దేశం ఒప్పుకున్న 18 ఊళ్ళ లిస్టులో విశాఖ ఉంది, సింగపూర్ విమానం వస్తోందంటే ఆ వెసులుబాటు కూడా ఒక కారణం అనుకోవచ్చు. దుబాయ్ కంపెనీలకి అలా కాదు, వారానికి ఇన్ని సీట్లు అని రెండు దేశాల ఒప్పందంలో కోటా ఉంది, ఆ కోటా ఎప్పుడో నిండిపోయింది. అలాంటప్పుడు ఉద్దానం కుర్రాడికి పనికొచ్చేది భోగాపురంలో ఎక్కి హైదరాబాద్‌లోనో ఢిల్లీలోనో మారి గల్ఫ్‌లో దిగేదాకా ఒకే టికెట్, బ్యాగు ఒకేసారి వెయ్యడం. ఏ కంపెనీ ఏ కంపెనీతో కలిసి అలా అమ్ముద్దో మంత్రిగారిని అడిగిన విలేకరి నాకైతే ఒక్కరూ కనబళ్ళేదు.

మా సోంపేట వాడు మళ్ళీ వెళ్ళేటప్పుడు రెండు సైట్లూ చూశాడట, తేడా ఎనిమిదొందలు. తక్కువ రేటు దాంట్లో బ్యాగు ఏడు కిలోలు తక్కువ. ఎక్కువదే కొన్నాడు, రూమ్‌లో నలుగురికి జీడిపప్పు తెస్తానని మాటిచ్చేశాడు మరి.