ముందు కుండ పెట్టండి, తర్వాత ఫ్లెక్సీ కట్టండి

ఏప్రిల్ నెలాఖరు వస్తే చాలు, తిరుపతి నుంచి కుప్పం దాకా చిన్న ఊళ్ళ కళాకేంద్రాల ముందు ఫ్లెక్సీలు లేస్తాయి. పదిహేను రోజుల వేసవి శిబిరం. కలంకారీ, మట్టి బొమ్మలు, వీధినాటకం, సంగీతం, నాట్యం, కీబోర్డు, చేతిరాత, అన్నీ ఒకే హాల్లో, రోజుకు రెండు గంటలు. చివరి రోజు సభ, శాలువాలు, సర్టిఫికెట్లు. మే ఇరవైకల్లా తాళం. మళ్ళీ ఏప్రిల్ దాకా ఆ హాలు పుట్టినరోజు ఫంక్షన్లకూ పార్టీ మీటింగులకూ.

పిల్లల్ని ఫోన్ల దగ్గర్నుంచి లేపి నాలుగు రోజులు ఒకచోట కూర్చోబెడుతున్నారు, అదే పదివేలు. కాదనను. కానీ బడికి సెలవులు ఎప్పుడో చూసి క్లాసులు పెడుతున్నారే గానీ, ఏ పని ఏ కాలంలో కుదురుతుందో ఎవరూ చూడటం లేదు. గొడవంతా ఇక్కడే.

కలంకారీ సంగతే తీసుకోండి. మండే ఎండాకాలానికి నిజంగా సరిపోయే పని అది. దాన్నే అన్నిటికంటే ఎక్కువ చెడగొడుతున్నారు. శ్రీకాళహస్తి పక్కనే ఉంది. 2008లో పద్మశ్రీ అందుకున్న జొన్నలగడ్డ గురప్పశెట్టి గారి ఊరు. పెడనలో చెక్క అచ్చులతో అద్దుతారు, ఇక్కడ గుడ్డ మీద కలం పట్టి చేత్తోనే గీస్తారు. అంత దగ్గర్లో ఉండి మన శిబిరాల్లో జరిగేదేమిటయ్యా అంటే, జిరాక్స్ తీసిన నెమలి బొమ్మను కార్బన్ కాగితంతో గుడ్డ మీదికి దించడం, ఫాబ్రిక్ పెయింట్ డబ్బాలు పంచడం. అదీ ఒక పనే, తప్పేం లేదు. ఫాబ్రిక్ పెయింటింగ్ అనే రాసుకోండి ఫ్లెక్సీ మీద.

అసలు కలంకారీ నేర్పాలంటే, మే ఒకటిన క్లాసుకు ఏప్రిల్ పదికల్లా పని మొదలవ్వాలి. నల్ల గీతకు కావాల్సిన కసిమి, అంటే ఇనుము ఊరబెట్టిన నీళ్ళు, అంగట్లో కొనేది కాదు, ఊరాల్సింది. 5 లీటర్ల నీళ్ళు పట్టే మట్టికుండలో కిలో ఇనుప ముక్కలు వేయాలి. పాత మేకులో, గుర్రపు నాడాలో, ఏవైనా సరే, ముందు నిప్పుల్లో కాల్చి తుప్పూ జిడ్డూ వదిలించాలి. చెరుకు బెల్లం పావుకిలో, తాటిబెల్లం పావుకిలో వేసి నీళ్ళు పోయాలి. మూతికి గుడ్డ కట్టి నీడన పెట్టి, రోజూ ఒకసారి కట్టెతో కలపాలి. బిగుతుగా మూత పెట్టారో, పులిసేటప్పుడు పుట్టే గాలికి ఎగదన్నుతుంది. పదిహేను రోజుల నుంచి మూడు వారాలు పడుతుంది. నడుమ తెట్టు కడుతుంది, పుల్లటి వాసన కొడుతుంది. పాడైపోయిందని పారబోసేది అప్పుడే. పారబోయకండి, తెట్టు తీసేసి వడగట్టుకుంటే చాలు.

సిద్ధమైందో లేదో తెలియాలంటే, కరక్కాయ పట్టించిన గుడ్డముక్క మీద ఒక గీత గీసి చూడండి. పెట్టగానే పలచటి డికాషన్ రంగులో ఉంటుంది. చూస్తుండగానే బూడిద రంగుకు తిరిగి, అక్కణ్ణుంచి నల్లబడుతుంది. బూడిద దగ్గరే ఆగిపోతే ఇంకో నాలుగు రోజులు ఊరనివ్వాలి. కరక్కాయలో వగరు, కసిమిలో ఇనుము కలిస్తేనే ఆ నలుపు. అందుకే ఉత్త తెల్లగుడ్డ మీద గీస్తే తుప్పు మరకలాంటిదే మిగులుతుంది. నలుపు బాగా రావాలని కసిమిని మరీ చిక్కగా చేసినా ముప్పే. కొన్నేళ్ళకు ఆ ఇనుము గీత వెంబడే గుడ్డను తినేస్తుంది.

ఇక గుడ్డ. చలువ చేయని గాడా, అంటే ముతక నూలు గుడ్డ కావాలి. పాలిస్టర్ కలిసింది అసలు వద్దు. ఒక పోగు లాగి కాల్చండి. నూలైతే బూడిద రాలుతుంది, పాలిస్టరైతే గట్టి గుండు కడుతుంది. ముందురోజు రాత్రే నానేసి గంజి పూర్తిగా పోయేదాకా ఉతకాలి. గంజి మిగిలిన చోట కరక్కాయ సరిగా పట్టదు, తర్వాత గీత అక్కడక్కడా వెలవెలబోతుంది. మీటరు గుడ్డకు 50 గ్రాముల కరక్కాయ పొడి, గింజ తీసి దంచింది. పావు లీటరు పచ్చి గేదె పాలు. గుడ్డ మునిగేటన్ని నీళ్ళు. అరగంట నాననిచ్చి, ఇద్దరు చెరో కొసా పట్టుకుని సమంగా పిండి, ముడతలు లేకుండా ఆరేయాలి. ఒక పక్క ఎక్కువ పిండితే ఆ పక్క పాలిపోయి, ఇంకో పక్క పచ్చగా ఉంటుంది.

పాలు ఎందుకు? కొవ్వు కోసం. ఆ కొవ్వే గీతను పాకనివ్వదు. వెన్న తీసిన ప్యాకెట్ పాలు పోసి "మా పిల్లల గీతలు చెదిరిపోతున్నాయి, గుడ్డ బాగాలేదు" అంటే గుడ్డ ఏం చేస్తుంది? ఎండాకాలం ఎందుకు మంచిదో కూడా ఇక్కడే తెలుస్తుంది. మే ఎండకు పాలు పట్టించిన గుడ్డ కాసేపట్లో పెళపెళలాడుతుంది. అదే నవంబరులో చేయండి, ఈశాన్య రుతుపవనాల ముసురులో అది రెండు రోజులైనా ఆరక పులిసిన కంపు కొడుతుంది, బూజు చుక్కలు పడతాయి. "దీపావళి స్పెషల్ కలంకారీ వర్క్‌షాప్" అని పెట్టేవాళ్ళు ముందు ఆకాశం వంక చూడండప్పా.

కలం కూడా అంగట్లో కొనిచ్చేయకండి, మొదటి రోజంతా దానికే పోనివ్వండి. జానెడు వెదురు పుల్లను ఒక కొస సన్నగా చెక్కి, కొసకు రెండు మూడు సెంటీమీటర్ల పైన పాత కంబళి పీలికను ఉసిరికాయంత లావు వచ్చేలా చుట్టి, నూలుదారంతో బిగించి కట్టాలి. రంగు తాగేది ఆ గుడ్డే. దాన్ని వేళ్ళతో మెల్లగా నొక్కితే రంగు కొస దాకా దిగుతుంది. పిల్లలు చేసే పొరపాటు ఎప్పుడూ ఒకటే: ముంచిన వెంటనే గుడ్డ మీద పెట్టడం. కొసన వేలాడే చుక్క టప్పున పడుతుంది, అంతే సంగతులు. ముంచాక కుండ అంచుకు ఒకసారి ఆనించి, చిత్తు గుడ్డ మీద ఒక గీత లాగి, తర్వాతే బొమ్మ మీదికి రావాలి. కసిమి మరక రబ్బరుతో పోదు, సబ్బుతో పోదు. అందుకే ముందు చింతబొగ్గుతో బొమ్మ వేయించాలి. అదైతే దులిపితే పోతుంది.

ఎరుపు జోలికి పదిహేను రోజుల శిబిరంలో పోవద్దని నా మాట. పటిక నీళ్ళు పూయాలి, లీటరుకు 100 గ్రాములు. అది గుడ్డ మీద కనిపించదు కాబట్టి చిటికెడు రంగు కలుపుకోవాలి. ఇనుప బకెట్లో కలిపారంటే ఎరుపు కాస్తా మురికి తేలుతుంది. పూశాక కనీసం ఒక రోజు ఆగాలి. తర్వాత పారే నీళ్ళలో జాడించాలి, బకెట్లో కాదు. నిలవ నీళ్ళలో జాడిస్తే విడిపోయిన పటిక పోయి పక్కనున్న తెల్ల జాగాలకు అంటుకుంటుంది, ఉడకబెట్టినప్పుడు అవీ ఎర్రబడతాయి. స్వర్ణముఖిలో మే నెలలో పారే నీళ్ళెక్కడివి? బోరు పైపు వదిలి ఏటవాలు బండ మీద కడగాలంటే ఎన్ని నీళ్ళు పోతాయో లెక్కేసుకోండి. ఆ తర్వాత ఎరుపునిచ్చే సురుడుచెక్క, మంజిష్ఠ వేసి పెద్ద గంగాళంలో కాగబెట్టడం, పేడ నీళ్ళలో రాత్రంతా నానేసి ఎండలో చలువ చేయడం, మళ్ళీ పాలు పట్టించడం. పిల్లల తల్లిదండ్రులు పేడ దగ్గరే ముక్కు మూసుకుని ఫీజు వెనక్కి అడుగుతారు.

కాబట్టి మొదటి ఏడాది నలుపూ పసుపూ, అంతే. కరకపువ్వు కాచి, చిటికెడు పటిక వేసి వడగడితే పసుపు సిద్ధం. పిల్లకొక అరమీటరు గుడ్డ. గురువుకు పన్నెండు మంది, మహా అయితే పదిహేను. నలభై మందిని కూర్చోబెడితే ఆయన నేర్పేది ఉండదు, తోలుకునేదే. పొద్దున ఏడు నుంచి పదిలోపు ముగించాలి. రేకుల షెడ్డులో పదకొండుకు పిల్లలు సొమ్మసిల్లుతారు, కలానికి చుట్టిన గుడ్డ కూడా గీత సగంలో ఉండగానే ఎండిపోతుంది. ఫ్యాను నేరుగా గుడ్డ మీదికి తిప్పినా అంతే.

డబ్బు సంగతి చెప్పకుండా ఉండలేను. గురువుకు గంటల లెక్కన ఇస్తారు. కుండ పెట్టి, ఇరవై రోజులు కలిపి, గుడ్డలు పట్టించి, చింతపుల్లలు కాల్చి బొగ్గు చేసిందానికి ఎవరిస్తారు? ఫ్లెక్సీకీ శాలువాలకూ అయ్యే ఖర్చు ముందుగా రాసుకుంటారు, కరక్కాయ మాత్రం గురువు సంచిలోంచి రావాలి. తయారీ రోజులకు కూలి కట్టలేని కేంద్రం ఆ క్లాసు పెట్టకపోవడమే మర్యాద.

వీధినాటకానిది ఇంకో తమాషా. చిత్తూరు పల్లెల్లో వేసవి అంటే భారతం. ద్రౌపదమ్మ గుళ్ళ దగ్గర పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ నాటకం, అర్జున తపస్సు, చివరికి మట్టితో చేసిన దుర్యోధనుడి వధ, అగ్నిగుండం. ఆడేవాళ్ళకు నాలుగు రూకలు కళ్ళజూసే కాలం అదే. సరిగ్గా ఆ నెలలోనే "మా శిబిరానికి రండన్నా" అని పిలుస్తారు. పేరున్న వేషగాడు ఎలా వస్తాడు? రాత్రంతా ఆడి పొద్దున పదికి మీ హాల్లో దరువు, అంటే వేషగాడు పాడే పాట, నేర్పమంటే ఆ గొంతు ఏం కావాలి? మేలో పిల్లలకు చేయాల్సిందల్లా ఒక్కటే, వ్యాను మాట్లాడి ఒక రాత్రి భారతానికి తీసుకెళ్ళడం. తపస్సు ఘట్టానికి పాతిన పొడుగాటి మాను ఎక్కుతూ అర్జునుడు పాడే పాట కింద నిలబడి వింటే చాలు. తిరుపతి వాళ్ళకైతే అదే నెలలో గంగ జాతర ఉండనే ఉంది. బైరాగి వేషం నుంచి మాతంగి వేషం దాకా వీధుల్లోనే కనిపిస్తాయి.

నేర్పే క్లాసు అక్టోబరు, నవంబరుల్లో పెట్టండి. వానలకు బయట ఆటలుండవు, కళాకారులు ఖాళీగా ఉంటారు, హాలుకు కప్పుంటుంది. వారానికి రెండు సాయంత్రాల చొప్పున ఎనిమిది వారాలు చేస్తే ఒక ప్రవేశ దరువు, తెర వెనకనుంచి వచ్చే పద్ధతి, గజ్జె కట్టుకుని తాళం తప్పకుండా నడవడం వస్తాయి. అంతకంటే ఎక్కువ ఆశపడొద్దు. ఒక్క జాగ్రత్త: పాతకాలం ముఖం రంగుల్లో పసుపు కోసం వాడే అర్దళం ఆర్సెనిక్ ఖనిజం. పిల్లల ముఖానికి అది తగలకూడదు. మామూలు మేకప్ రంగులు చాలు, ముందు కొబ్బరినూనె రాసి వేస్తే తుడవడం కూడా తేలిక.

మట్టి వినాయకుల క్లాసు చవితికి రెండు రోజుల ముందు పెట్టడం ఎవరి తెలివో గానీ, తడి బొమ్మను కవర్లో పెట్టుకుని పోయిన పిల్ల ఇల్లు చేరేసరికి తొండం చేతిలోకి వస్తుంది. శ్రావణ పౌర్ణమికి మొదలుపెడితే చవితికి దాదాపు 19 రోజులుంటాయి, సరిగ్గా సరిపోతుంది. చెరువు మట్టిని జల్లించి, రెండు రోజులు నానేసి, కాళ్ళతో తొక్కాలి. పది పాళ్ళ మట్టికి ఒక పాలు వరి ఊకో, తరిగిన కొబ్బరి పీచో కలపాలి. అడుగు ఎత్తు బొమ్మను ముద్దగా చేయకూడదు. పైన ఆరి కుదించుకుపోతుంది, లోపల తడి అలాగే ఉంటుంది, పొట్ట మీద అడ్డంగా పగులుతుంది. లోపల డొల్లగా ఉంచి గోడ అంగుళం మందం రానివ్వాలి. తొండం, చేతులు అదే రోజు, ఒళ్ళు పచ్చిగా ఉన్నప్పుడే అతికించాలి. అతికే రెండు చోట్లా పుల్లతో గాట్లు పెట్టి, జారుడు మట్టి పూసి నొక్కాలి. మర్నాడు అతికించింది నిలవదు, ఆరిన ఒళ్ళూ తడి చెయ్యీ ఒకే తీరున కుదించుకోవు కాబట్టి. పది రోజులు నీడనే ఆరాలి, మొదటి రెండు రోజులు పైన తడిగుడ్డ కప్పాలి. పలమనేరు పక్క టెర్రకోట చేసేవాళ్ళలో ఒకర్ని తొక్కే రోజూ, అతికే రోజూ పిలిస్తే చాలు, మిగతా రోజులకు కేంద్రంలో ఎవరున్నా సరిపోతుంది.

ధనుర్మాసం ముగ్గుల పోటీ గురించి రెండు ముక్కలు. చుక్కల మెలిక ముగ్గునీ, రంగులు నింపిన నెమలినీ ఒకే వరుసలో పెట్టి మార్కులు వేయడం మానండి. రంగులదే గెలుపవుతుంది. మెలిక ముగ్గుకు చూడాల్సింది వేరే ఉంది: ఒక్క చుక్కా బయట మిగలకూడదు, గీత మొదలైన చోటికే తిరిగి రావాలి, గీత మందం మొదటినుంచీ చివరిదాకా మారకూడదు. ఇది తెలిసిన పెద్దావిడలు ప్రతి వీధిలోనూ ఉన్నారు. వాళ్ళను జడ్జీలుగా పిలవండి, కార్పొరేటర్ గారిని బహుమతులివ్వడానికి పిలవండి.

సంగీతం క్లాసుకు కాలంతో పనిలేదు, దానికి కావాల్సింది ఏడాది. పదిహేను రోజుల్లో సరళీ వరసలు మూడు వేగాల్లో నిలబడితే గొప్ప. దానికి సర్టిఫికెట్ ఇచ్చి పిల్లని వేదికెక్కించి కీర్తన పాడించకండి. ఆ పిల్లకు శ్రుతి నిలవదు, హార్మోనియం ఆయన చెమటలు కక్కుతాడు.

చివరి రోజు సభ కూడా కాస్త కుదించండి. ఉపన్యాసాల టైములో గుడ్డలు దండెం మీద వరసగా కట్టి, ఏ పిల్ల గుడ్డ దగ్గర ఆ పిల్లనే నిలబెట్టి, వచ్చినవాళ్ళకు కసిమి కుండ మూత తీసి చూపించమనండి. గుడ్డ ఇంటికి పంపేటప్పుడు ఒక చీటీ పెట్టండి: మొదటి ఉతుకు విడిగా, చన్నీళ్ళలో, కుంకుడు రసంతో. ఆరేసేది నీడన. నిమ్మకాయ, వెనిగరు తగలనివ్వొద్దు, పులుపు తగిలితే నల్ల గీత పాలిపోతుంది. మిగిలిన కసిమిని వడగట్టి సీసాలో పోసుకోండి. కుండలో ఇనుము మాత్రం పారేయకండి, బెల్లమూ నీళ్ళూ కొత్తవి పోస్తే వచ్చే ఏప్రిల్లో మళ్ళీ పనికొస్తుంది.