తొమ్మిది ఫ్రేములు, పది రూపాయల పోస్టల్ ఆర్డరు

ముందుగా ఒక నేరాన్ని ఒప్పుకోవాలి. ఈ వ్యాసకర్త గత సంవత్సరం చెన్నై త్యాగరాయనగర్‌లోని ఒక వీసా కన్సల్టెన్సీలో, పదిమంది ఎదుట, పూర్తి స్పృహలో ఉండి, గోడకున్న సర్టిఫికెట్ వైపు వేలు చూపించి "ఇది మీకు ఎవరిచ్చారు?" అని అడిగాడు. పెళ్లిచూపులకు వెళ్లి పెళ్లికొడుకు జీతం కాగితం చూపించమన్నా గదిలో అంత నిశ్శబ్దం ఏర్పడదు. పక్కన కూర్చున్న నా మేనల్లుడు "మామయ్యా, పరువు తీయకు" అని మోకాలితో పొడిచాడు. వాడిది గూడూరు, బీటెక్ అయింది, కెనడా అంటున్నాడు. "నువ్వు ముప్పయ్యేళ్లుగా మద్రాసులో ఉన్నావు, నీకు తెలియని ఆఫీసు ఉంటుందా" అంటూ మా అక్క వాణ్ణి నాకు అప్పగించింది.

ఆ గోడ మీద తొమ్మిది ఫ్రేములున్నాయి. ఒకదాని మీద భూగోళం, ఒకదాని మీద గద్ద, ఒకదాని మీద భూగోళాన్ని పట్టుకున్న గద్ద. బంగారు రంగు అంచు అన్నింటికీ ఉంది, అక్రిడిటెడ్, అంటే గుర్తింపు పొందినది, అన్న మాట అన్నింటిలోనూ ఉంది, ఆ అక్రిడిటేషన్ ఇచ్చినవారి చిరునామా మాత్రం ఏ ఒక్కదానిలోనూ లేదు. తొమ్మిదోది దగ్గరికి వెళ్లి చూస్తే షటిల్ పోటీలో పాల్గొన్నందుకు ఇచ్చినది. వాటి పైన దండ వేసిన వేంకటేశ్వరస్వామి పటం ఉంది. ఆ గోడ మొత్తం మీద నేను గుర్తుపట్టగలిగిన అధికారి ఆయనొక్కడే. కౌంటర్ దగ్గర కూర్చున్న అమ్మాయి కడప యాసలో, ఎంతో మర్యాదగా, "సార్, అది గ్లోబల్ అక్రిడిటేషన్" అంది. మరి లైసెన్సు ఎవరి పేరు మీద ఉందని అడిగితే, "మా లైసెన్సు సార్ టొరంటోలో ఉంటారు" అంది. ఆయన పేరు అడిగితే, అది కాన్ఫిడెన్షియల్ అంది.

నా ప్రవర్తన చెడడానికి ఈ పేటే కారణమని మనవి చేసుకుంటున్నాను. ఉస్మాన్ రోడ్డులో మూడు గ్రాముల ఉంగరం కొనబోయినా దాని మీద ఆరు అక్షరాల హాల్‌మార్క్ సంఖ్య ఉందా అని అడగడం 2023 నుంచి మనకు అలవాటైపోయింది. మా వీధి చివర ఇడ్లీ కొట్టువాడు కూడా 14 అంకెల ఆహార భద్రత లైసెన్సు నంబరును సాంబారు బకెట్టు పైన అతికించుకున్నాడు. ఇలాంటి చోట బతికే మనిషి ఉంగరాన్నీ ఇడ్లీనీ అడిగిన ప్రశ్ననే, నాలుగు లక్షల రూపాయలూ పాస్‌పోర్టూ పదో తరగతి మార్కుల జాబితాతో సహా పుచ్చుకునే సలహాదారుణ్ణి కూడా అడగవచ్చునని పొరబడడం సహజమే. పొరబాటు పొరబాటే.

ఒక తప్పు ఇంకొక తప్పుకు దారి తీస్తుంది కదా. నేను సమాచార హక్కు చట్టం, 2005 కింద ఒక అర్జీ రాసి, పది రూపాయల పోస్టల్ ఆర్డరు జతచేసి, ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయానికి స్వయంగా తీసుకువెళ్లాను. ఫలానా సంస్థకు ఉన్న గుర్తింపు ఏమిటి, దానిని ఎవరు, ఏ తేదీన, ఏ పరీక్ష చేసి ఇచ్చారు అన్నవే నా ప్రశ్నలు. అర్జీ అందుకున్న గుమాస్తా దానిని రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి, "ఎదుక్కు సార్ ఇదెల్లాం?" (ఎందుకు సార్ ఇదంతా?) అని తమిళంలో అన్నాడు. అర్జీదారు కారణం చెప్పనక్కరలేదని ఆ చట్టంలోని 6(2) సెక్షన్ అంటుంది. కాని ఆయన అడిగింది చట్టం ప్రకారం కాదు, జాలితో. జాలికి ఏ సెక్షన్ అడ్డు వస్తుంది?

అక్కడి నుంచి నా అర్జీకి కాళ్లు వచ్చాయి. తమది కాని అర్జీని ఐదు రోజులలోగా సంబంధిత కార్యాలయానికి పంపాలని చట్టం చెబుతుంది గనుక మొదటివారు రెండోవారికి పంపారు, రెండోవారు మూడోవారికి పంపారు, మూడోవారు ఇది బహుశా మొదటివారికి చెందిన విషయమని అభిప్రాయపడ్డారు. వీసా స్టాంపింగ్ లేకుండా ఇన్ని సరిహద్దులు దాటిన కాగితాన్ని నేను చూడలేదు. కన్సల్టెన్సీవారు మా మేనల్లుడికి వాగ్దానం చేసిన ఫాస్ట్ ట్రాక్ అంటే ఇదేనేమో. చివరకు సరిగ్గా 29వ రోజున, గడువు 30 రోజులు గనుక ఒక రోజు ఉదారంగా మిగిల్చి, జవాబు వచ్చింది: "మీరు పేర్కొన్న సంస్థకు సంబంధించి ఈ కార్యాలయంలో ఎటువంటి రికార్డూ లేదు."

నేను మొదటి అప్పీలు కూడా చేసుకున్నాను. లేని రికార్డును సృష్టించి ఇవ్వడం సమాచార హక్కు కిందికి రాదని పై అధికారి తీర్పు ఇచ్చారు, అందులో తప్పేమీ లేదు. రికార్డులను సృష్టించే పని ఇప్పటికే ఆ గోడ చేస్తున్నది కదా.

ఇంతకీ ఆ రికార్డు ఎందుకు లేదంటే, దానిని ఉంచమని మన చట్టమే అడగలేదు. రాజంపేట నుంచో కోనసీమ నుంచో ఒక తాపీమేస్త్రీని కువైట్‌కు పంపే ఏజెంటు 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్టరు కావాలి, బ్యాంకు గ్యారంటీ కట్టాలి, సర్వీసు చార్జీగా 30,000 రూపాయలకూ పైన జీఎస్టీకీ మించి తీసుకోకూడదు, అతని పేరు కేంద్ర ప్రభుత్వపు ఈమైగ్రేట్ పోర్టల్‌లో ఎవరైనా వెతుక్కోవచ్చు. అదే మేస్త్రీ అప్పు చేసి చదివించిన కొడుకును పీఆర్ (శాశ్వత నివాసం) పేరుతోనో మాస్టర్స్ పేరుతోనో పంపేవాడు కేవలం సలహా ఇస్తాడు గనుక ఆ చట్టం అతని గుమ్మం తొక్కదు. తాపీ పట్టుకున్నవాడు మోసపోతాడని ప్రభుత్వానికి భయం. బీటెక్ చదివినవాడు మోసపోడని నమ్మకం. ఆ నమ్మకాన్ని వమ్ము చేయకూడదనే మన యువకులు అసలు ప్రశ్నలే వేయరు. పంజాబ్‌వారు ఇలాంటి సలహాదారులకు లైసెన్సు పెడుతూ 2012లోనే ఒక చట్టం చేసుకున్నారు, వారికి చదువు మీద అంత గౌరవం లేదనుకోవాలి.

ఇక్కడ లేకపోతే పోయింది, టొరంటో సార్‌ను కెనడాలోనే వెతుకుదామనుకున్నాను. అక్కడ డబ్బు తీసుకుని ఇమ్మిగ్రేషన్ సలహా ఇవ్వాలంటే న్యాయవాద సంఘాల సభ్యులో, క్యూబెక్ నోటరీలో, లేదా 2021 నవంబరులో పని మొదలుపెట్టిన కన్సల్టెంట్ల కాలేజీ (చదువు చెప్పేది కాదు, వారిని నియంత్రించే సంస్థ) లైసెన్సు ఉన్నవారో అయి ఉండాలి. ఆ కాలేజీ పట్టికలో పేరు కొట్టి చూడడానికి పైసా ఖర్చు లేదు, కావలసిందల్లా పేరే, అది మాత్రం కాన్ఫిడెన్షియల్. పోనీ ఐదు డాలర్లు కట్టి కెనడా ప్రభుత్వాన్నే రికార్డులు అడుగుదామంటే, అలా అడిగేవారు ఆ దేశ పౌరులో, శాశ్వత నివాసులో, లేదా కనీసం ఆ గడ్డ మీద నిలబడి ఉన్నవారో కావాలట. అంటే కెనడాకు తీసుకుపోయేవాడు నిజమైనవాడేనా అని తెలుసుకోవాలంటే ముందు వాడి చేయి పట్టుకుని కెనడా చేరాలి. న్యూజిలాండ్‌వారు విదేశాలలో ఉన్న సలహాదారులకు కూడా లైసెన్సు ఉండాలన్నారు, ఆ వెంటనే విదేశంలో కూర్చుని విద్యార్థి వీసాలకు మాత్రమే సలహా ఇచ్చేవారికి అక్కరలేదన్నారు.

బ్రిటన్ ఒక్కటే పెద్ద మనసు చూపింది. అక్కడి ప్రభుత్వ రికార్డులను ప్రపంచంలో ఎవరైనా, ఎక్కడి నుంచైనా అడగవచ్చు, 20 పనిదినాలలో జవాబు ఇస్తారు. సలహాదారులను నియంత్రించే సంస్థకు 2025 జనవరిలో ఇమ్మిగ్రేషన్ అడ్వైస్ అథారిటీ అని కొత్త పేరు కూడా పెట్టుకున్నారు. అయితే వారి అజమాయిషీ బ్రిటన్‌లో కూర్చుని చెప్పే సలహాకే, త్యాగరాయనగర్‌లో చెప్పేదానికి కాదు. చారిత్రకంగా చూస్తే ఇది మనకు న్యాయమే. 1639లో దామెర్ల వారి నాయకుడు, మన తెలుగువాడే, ఈ ఇసుక తీరాన్ని ఆంగ్లేయులకు అప్పగించినప్పుడు ఈస్టిండియా కంపెనీ తరఫున వచ్చిన ఫ్రాన్సిస్ డే దొరగారి గోడ మీద ఎన్ని ఫ్రేములున్నాయో చూసి రమ్మని ఎవరినీ పంపినట్టు లేదు.

విమానాశ్రయం దగ్గరున్న వీసా గణపతి గుడికి మా అక్క ఇప్పటికే రెండుసార్లు వచ్చి వెళ్లింది. ఆయన అక్రిడిటేషన్‌ను నేను అడగలేదు. ఆయన ముందుగా అడ్వాన్సు పుచ్చుకోలేదు, పాస్‌పోర్టును తన దగ్గర ఉంచుకోలేదు, టొరంటోలో ఇంకొక గణపతి ఉన్నాడని చెప్పలేదు.

నా ప్రశ్నలకు మన్నించమని చెప్పి, మేనల్లుడి ఫైలు వెనక్కి తెచ్చుకుందామని కిందటి నెల మళ్లీ ఆ కన్సల్టెన్సీకి వెళ్లాను. సాక్ష్యంగా ఆ ప్రభుత్వ జవాబును కౌంటర్ మీద పెట్టాను. కడప అమ్మాయి దానిని నిదానంగా చదివింది. మూడు సింహాల ముద్ర, పంపిన నంబరు, తేదీ, ఆకుపచ్చ సిరా సంతకం, మధ్యలో తమ సంస్థ పేరు, ఆ పక్కన "ఎటువంటి రికార్డూ లేదు" అన్న వాక్యం. ఆమె ముఖం వికసించింది. "అంటే మా మీద ఒక్క రికార్డు కూడా లేదని గవర్నమెంటే రాసిచ్చింది కదా సార్! ఒక జిరాక్స్ తీసుకోమంటారా?" అంది. వద్దనే లోపలే యంత్రం మోగింది.

ఫైలు కోసం ఇంకో రెండుసార్లు తిరగవలసి వచ్చింది. రెండోసారి వెళ్లేసరికి షటిల్ సర్టిఫికెట్ పక్కన పదో ఫ్రేము వేలాడుతున్నది. ఎదుటి కుర్చీలో నెల్లూరు నుంచి వచ్చిన ఒక తండ్రి, ఆ మూడు సింహాలను చూసి ధైర్యం తెచ్చుకుని, చెక్కు పుస్తకం బయటికి తీస్తున్నాడు.