లాహోర్ దారిలో ఓబులేసు

గుత్తిలో ఓబులేసు లాహోర్ కథ వినని టీకొట్టు లేదు. వాళ్ల నాయన మద్దిలేటి 1971 యుద్ధంలో లాహోర్ దాకా ట్యాంకు తోలినాడంట. మన సైన్యం లాహోర్ పొలిమేరలు చూసింది 1965లో అనీ, 1971లో పేపర్ల నిండా ఢాకాయే అనీ ఎవరైనా అంటే, "మా నాయన కంటే నీకెక్కువ తెలుసునా?" అంటాడు. నాయన కాలం చేశాక రుజువులు కావాల్సొచ్చాయి. మనవడి బడిలో ఎగ్జిబిషన్.

అటక మీది నల్లట్రంకు దించారు. పెట్టె ఉంది గానీ, మూత మీద తెల్లరంగుతో రాసిన నాయన సైనిక నంబరు లేదు. అందులో వేరుశెనగ విత్తనం పోసుకుంటూ, తుప్పు పడుతోందని పచ్చరంగు పూయించింది ఓబులేసే.

సైన్యం రికార్డుల్లో ఊరూ పేరూ శౌర్యమూ అన్నీ తర్వాత, ముందు నంబరు. అది తెలిస్తే రికార్డాఫీసుకు ఉత్తరం రాయొచ్చు, తెలియకపోతే రామకోటి రాసుకోవచ్చు. నంబరు కోసం మామూలుగా వెతికే చోట్లు సైన్యం నుంచి వచ్చేసేటప్పుడు ఇచ్చే డిశ్చార్జి బుక్కు, పాత ఉత్తరాలు, పతకాల అంచు. డిశ్చార్జి బుక్కును ఏదో అప్పు కోసం ఎవరికో ఇచ్చారు, అది అటే పోయింది. ఉత్తరాలు కట్టలకొద్దీ ఉన్నాయి. ఇన్లాండు కవరు మీద పంపినవారి నంబరూ పేరూ ఉండేది వెనక మడత మీద. మొగుడి ఉత్తరం వచ్చిందన్న ఆత్రంలో అవ్వ, అంటే ఓబులేసు వాళ్లమ్మ, ముందు చించింది ఆ మడతనే.

మిగిలింది "కేరాఫ్ 56 ఏపీఓ". ఏపీ అంటే ఆంధ్రప్రదేశ్, 56 అంటే క్యాంపు నంబరు అని తేల్చి, ఓబులేసు ఫోన్లో మ్యాపు తెరిచి అనంతపురం నుంచి కర్నూలు దాకా వెతికాడు. అది ఊరు కాదు, ఆర్మీ పోస్టాఫీసు. కాశ్మీరు మంచులో ఉన్నవాడికీ, రాజస్థాన్ ఇసుకలో ఉన్నవాడికీ అదే అడ్రసు. మనిషి ఎక్కడున్నాడో బయటికి తెలియకూడదనే ఆ ఏర్పాటు. యాభై ఏళ్లు దాటినా ఓబులేసు దగ్గర అది బాగానే పనిచేసింది.

ఇక పతకాలు. మన దేశపు గుండ్రటి పతకాల అంచు మీద నంబరు, ర్యాంకు, పేరు, దళం సన్నగా చెక్కి ఉంటాయి. వాటిని తోమకూడదు, మెత్తటి పొడిగుడ్డతో తుడిస్తే చాలు. అవ్వేమో ఏటా ఆగస్టు 15కు చింతపండు, ఇటుకపొడి వేసి చెంబులతో పాటు తోమింది. ముఖం తళతళలాడుతోంది, అంచు నున్నగా అరిగింది. అప్పటికీ ఒక దారుంది. గది చీకటి చేసి, టార్చిని నిలువుగా కాక అంచుకు ఏటవాలుగా పెట్టి, భూతద్దంతో చూడాలి. గీతల్లో నీడ పడి అక్షరం లేస్తుంది. పల్చటి కాగితం చుట్టి మెత్తటి పెన్సిలు రుద్దినా కొంత వస్తుంది. అలా తేలినవి: చివరి రెండు అంకెలు పోయిన నంబరు, నాయక్ అనే ర్యాంకు, "మడ్లాటీ" అనే పేరు, ఏఎస్సీ.

అంటే ఆర్మీ సర్వీస్ కోర్. బియ్యం, పప్పు, డీజిలు మోసే దళం. అవి చేరకపోతే ట్యాంకు కూడా పొలంలో బండరాయే, కానీ ఓబులేసు ముఖం చూస్తే ఆ మాట ఓదార్పులా లేదు. రెండో పతకం పూర్వీ స్టార్. అది తూర్పు రంగంలో పనిచేసినవాళ్లకు ఇచ్చేది, పడమటివాళ్లకు పశ్చిమీ స్టార్. లాహోర్ అక్కడే ఆగిపోయింది.

ఈలోపే ఓబులేసు, ట్యాంకు గదా అని, ఆర్మర్డ్ కోర్ రికార్డ్సుకు అహ్మద్‌నగర్‌కు సమాచార హక్కు అర్జీ పంపేశాడు. తహసీల్దారు ఆఫీసు అలవాటుతో పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించాడు. కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలకు అది చెల్లదు. పోస్టల్ ఆర్డరో, డీడీయో, ఆన్‌లైన్ చెల్లింపో కావాలి. అర్జీ తిరిగొచ్చింది.

ఆ కవరు చూసి అవ్వ అడిగింది: "నంబరు కోసమేనా ఇంత యాతన? నా పింఛను కాగితంలో లేదా ఏంది?"

ఉంది. ఫ్యామిలీ పింఛను పీపీఓలో, అంటే పింఛను చెల్లింపు ఉత్తర్వులో, నంబరు, ర్యాంకు, రికార్డాఫీసు అన్నీ ఉన్నాయి. బియ్యం డబ్బాలో, ప్లాస్టిక్ సంచిలో.

"ముందే చెప్పొచ్చు గదమ్మా!"

"నన్నెవరడిగినారు? మ్యాపునడిగితివి."

ఈసారి అర్జీ బెంగళూరుకు, ఏఎస్సీ రికార్డ్సుకు పోయింది. మరణ ధ్రువపత్రం, ఆధార్ నకలు పెట్టారు. కొడుకేనని నిరూపించడానికి ఓబులేసు తన పదో తరగతి సర్టిఫికెట్ కూడా జతచేశాడు. అర్జీ అందిన 30 రోజుల్లో జవాబివ్వాలన్నది చట్టం.

జవాబు వచ్చింది. మద్దిలేటి తూర్పు రంగంలో లారీ తోలాడు. దాంతో పాటు ఇంకో పేరా ఉంది. పెళ్లి, పిల్లల పుట్టుక లాంటివి సైన్యంలో పార్ట్ టూ ఆర్డర్‌లో ఎక్కిస్తారు. కొడుకు పుట్టాడని నాయన అప్పుడే తేదీతో సహా రాయించాడు. ఆ తేదీ సర్టిఫికెట్లోని దానికంటే రెండేళ్లు ముందుంది. రెండు తేదీలవాడూ ఒకడేనని నోటరీ అఫిడవిట్ పంపమన్నారు.

బళ్లో చేర్పించేటప్పుడు అయ్యవారు రెండేళ్లు తగ్గించి రాసిన సంగతి ఊళ్లో అందరికీ తెలిసిందే. ఓబులేసుది ప్రభుత్వోద్యోగం. సర్టిఫికెట్ లెక్కన రిటైర్మెంటుకు ఇంకా ఏడాదుంది.

ఎగ్జిబిషన్‌లో పతకాలు రెండూ పెట్టారు. జవాబు కాగితం పెట్టలేదు. పక్కన అట్టముక్క మీద మనవడు అడిగి అడిగి రాసుకున్నది: "మా జేజినాయన, 1971, లాహోర్."